మన కథ మన చేతికి తిరిగి వచ్చిన దారి



ఈ సంచికకు వ్యాసం రాయమని అడిగినప్పుడు సంఘం పెద్దలు "మీ హాస్టల్ గురించి రాయండి మేడం" అన్నారు. హాస్టల్ గురించి రాయడానికి చాలా ఉంది. కానీ ఇరవై ఏళ్ల క్రితం నేను పిల్లలకు చెప్పిన ఒక తప్పు మాట చాలా రోజులుగా మనసులో తిరుగుతోంది. అది ఎట్లా తప్పో నాకు చెప్పింది కొత్తగా అచ్చయిన కొన్ని పుస్తకాలు, కొన్ని అనువాదాలు. అందుకే మన పాత కథలు, మన చరిత్ర పుస్తకాల రూపంలో మళ్లీ మన దగ్గరికి ఎట్లా వచ్చాయో, వచ్చిన వాటిని మనం ఎట్లా చదవాలో నాకు తెలిసినంత రాస్తున్నాను.

గోడ మీద చార్టు

టి.టి.సి. పూర్తి చేసి కొత్తగా టీచర్‌గా చేరిన రోజులవి. నాలుగో తరగతిలో భాషల పాఠం చెప్తున్నాను. ఒక చార్టు తయారు చేశాను. ఒక వైపు భాష, ఇంకో వైపు లిపి. తెలుగుకు తెలుగు లిపి, హిందీకి దేవనాగరి, మరాఠీకి దేవనాగరి, ఉర్దూకు ఉర్దూ లిపి. చివరి గడిలో 'గోండీ' అని రాసి, పక్కన 'లిపి లేదు' అని రాశాను. ఒక పిల్లవాడు లేచి "మేడం, మన భాషకు అక్షరాలు ఎందుకు లేవు?" అని అడిగాడు. "మనది మాట్లాడే భాష, రాసే భాష కాదు" అని చెప్పి కూర్చోబెట్టాను. నేను గోండు ఇంటి ఆడపిల్లనే. నా నోటితోనే ఆ మాట చెప్పాను. శిక్షణలో నాకు అదే చెప్పారు, నేనూ అదే నమ్మాను.

ఆ చార్టు చాలా ఏళ్లు గోడ మీదే ఉంది. అదే సమయంలో, మన ఆదిలాబాద్ జిల్లాలోనే, నార్నూర్ మండలం గుంజాల అనే ఊళ్లో గోండీ అక్షరాలతో రాసిన చేతిరాత పుస్తకాలు ఇళ్లల్లో భద్రంగా ఉన్నాయి. వాటిని చదవగలిగిన పెద్దలు కొందరు ఆ ఊళ్లో బతికే ఉన్నారు. నేను బస్సులో వెళ్లి చూసి రాగలిగినంత దూరంలోనే ఉన్నాయి.

గుంజాల రాతప్రతులు

ఈ శతాబ్దం మొదటి పదేళ్లలో గుంజాల రాతప్రతులు పరిశోధకుల దృష్టికి వచ్చాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య జయధీర్ తిరుమలరావు గారి బృందం వాటిని పరిశీలించి, ఊరి పెద్దల సాయంతో చదివించింది. రాతప్రతుల్లో పాతవి 1750 ప్రాంతానివి కావచ్చని వారి అంచనా. ఇక్కడ ఒక మాట గమనించాలి. పరిశోధకులు లిపిని 'కనిపెట్టలేదు'. ఆ లిపిని చదవడం తెలిసిన గోండు, పర్ధాన్ పెద్దలు దాన్ని కాపాడుకుంటూ వచ్చారు. బయటి లోకానికి ఆ సంగతి తెలిసింది అప్పుడు, అంతే.

ఆ ప్రతుల్లో వారాల పేర్లు, నెలల పేర్లు, పండుగల వివరాలు ఉన్నాయి. చంద్రపూర్ గోండు రాజుల పోరాటాలు, రోహిల్లాల సాయం, ఇంద్రవెల్లి పుట్టుక, బర్మా వైపు జరిగిన వ్యాపారం లాంటి ప్రస్తావనలు ఉన్నాయని వాటిని చదివినవారు చెప్పారు. ఇవన్నీ జరిగింది జరిగినట్టే అని వెంటనే నమ్మేయాలని నేను అనను. ఏ రాజుల చరిత్రనైనా ఇతర ఆధారాలతో పోల్చి చూసినట్టే దీన్నీ పోల్చి చూడాలి. అయితే పోల్చి చూడడానికి మన వైపు నుంచి ఒక కాగితం ఉండడం అనేదే కొత్త సంగతి. అంతకు ముందు మన గురించి రాసిన కాగితాలన్నీ ఇతరులవే.

ఆ లిపి వాచకం మొదటిసారి నా చేతికి వచ్చినప్పుడు నన్ను ఆశ్చర్యపరిచింది అక్షరాల వరుస. మనం తెలుగులో క, ఖ, గ, ఘ అని మొదలుపెడతాం. గుంజాల లిపిలో హల్లుల వరుస య, వ, బ, భ, మ అని మొదలై, తరువాత క, ఖ, త, థ అని సాగుతుంది. మొత్తం ముప్పై హల్లులు. అంకెలకూ సొంత గుర్తులున్నాయి. హ్రస్వంగా పలికే ఎ, ఒలకు విడి అక్షరాలు లేవు. పక్కనున్న లిపులను చూసి ఎవరో నిన్న మొన్న తయారు చేసి ఉంటే వరుస కూడా వాటిలాగే ఉండేది. ఈ వరుస చూస్తే, ఎవరో ఒక గురువు ఒక శిష్యుడికి తన పద్ధతిలో నేర్పుతూ వచ్చిన చదువు ఇది అనిపిస్తుంది. టీచర్‌గా నాకు అది చాలా బలమైన ఆధారంగా తోచింది.

2018 జూన్‌లో గుంజాల గోండీ లిపికి యూనికోడ్‌లో చోటు దొరికింది. ఈ మాట అర్థం కాని పెద్దల కోసం చిన్నగా చెప్తాను. కంప్యూటర్‌కు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. ప్రపంచంలోని ప్రతి అక్షరానికీ ఒక అంకెను కేటాయించే పట్టికే యూనికోడ్. ఆ పట్టికలో లేని అక్షరం ఒక కంప్యూటర్‌లో కనిపించినా, ఇంకో కంప్యూటర్‌కు పంపితే ఖాళీ డబ్బాల్లాగా వస్తుంది. పట్టికలో చేరితే ఫోన్‌లో కూడా రాయవచ్చు, పంపవచ్చు, వెతకవచ్చు.

గోండీకి ఇంకో లిపి కూడా ఉంది. 1918లో బాలాఘాట్ జిల్లాకు చెందిన మున్షీ మంగళ్ సింగ్ మసారం రూపొందించినది. దాన్ని మసారం గోండీ లిపి అంటారు. అది 2017లో యూనికోడ్‌లో చేరింది. రెండూ వేరు వేరు. పిల్లలు ఇంటర్నెట్‌లో వెతికేటప్పుడు కలగాపులగం చేసుకుంటున్నారు కాబట్టి చెప్తున్నాను. 'లిపి లేదు' అని నేను రాసిన భాషకు ఒకటి కాదు, రెండు లిపులు ఉన్నాయన్న మాట.

నాగపూర్‌లో పాడిన పాట

రాత సంగతి అట్లా ఉంచితే, మన కథ నోటి మీదే నడిచింది. దాన్ని తరతరాలుగా మోసినవారు పర్ధాన్లు, తోటీలు. చేతిలో కిక్రి, నోట్లో వంశాల చరిత్ర. ఆ కథ మొదటిసారి అచ్చు పుస్తకంలోకి ఎక్కింది మన జిల్లాలో కాదు, నాగపూర్ వైపు.

స్టీఫెన్ హిస్లాప్ అనే స్కాట్లాండ్ మిషనరీ నాగపూర్‌లో పనిచేసేవాడు. ఒక పర్ధాన్ పాడుతుండగా లింగో కథను రాయించుకున్నాడు. గోండీ మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, వాటికి అర్థాలు కూర్చాడు. ఆ పని పుస్తకం కాకముందే 1863లో వాగు దాటుతూ మునిగి చనిపోయాడు. ఆయన కాగితాలను రిచర్డ్ టెంపుల్ అనే అధికారి సరిచేసి 1866లో అచ్చు వేయించాడు. తరువాత 1871లో కెప్టెన్ ఫోర్సిత్ అనే మరో అధికారి తన అడవి పుస్తకంలో అదే కథను ఇంగ్లీషు కవిత్వంగా మార్చి చేర్చాడు.

ఇక్కడ మూడు దశలు చూడండి. పర్ధాన్ పాడాడు. మిషనరీ రాశాడు. అధికారి పాఠకుల సరదా కోసం పద్యంగా కట్టాడు. ఒక్కో దశలో కథ కొంత మారింది, పాడినవాడు కొంత వెనక్కి పోయాడు. హిస్లాప్, టెంపుల్, ఫోర్సిత్ పేర్లు ఈరోజుకీ లైబ్రరీల్లో ఉన్నాయి. పాడిన మనిషి 'ఒక పర్ధాన్'గానే మిగిలిపోయాడు.

అయినా ఆ పుస్తకం మీద నాకు కోపం లేదు. నూట అరవై ఏళ్ల క్రితం గోండీ ఎట్లా పలికేవారో, ఏ మాట ఎక్కడ వాడేవారో చూసుకోవడానికి అది ఉంది. అది నాగపూర్ వైపు గోండీ, మన గోండీతో కొన్ని చోట్ల కలవదు. కలవని చోట కూడా చదువుతుంటే దూరపు చుట్టాల మాట విన్నట్టుంటుంది.

మార్లవాయిలో రాసుకున్న పుస్తకం

మన జిల్లాలో ఆ పని చేసింది క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్. మన పెద్దలకు ఆయన పేరు కొత్త కాదు. 1909లో వియన్నాలో పుట్టాడు. 1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు మన దేశంలో ఉన్నాడు. ఆయనది శత్రుదేశపు పాస్‌పోర్టు కాబట్టి హైదరాబాద్ సంస్థానం దాటకుండా ఉండవలసి వచ్చింది. ఆ కాలంలోనే చెంచుల మధ్య, కొండరెడ్ల మధ్య, తరువాత మన గోండుల మధ్య ఉండి పుస్తకాలు రాశాడు. చెంచుల పుస్తకం 1943లో, కొండరెడ్ల పుస్తకం 1945లో, 'ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్' 1948లో వచ్చాయి.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం, ఆయన సహచరులు నిజాం పోలీసుల తుపాకులకు బలయ్యారు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవలసిన అవసరం ప్రభుత్వానికి ఏర్పడింది. హైమండార్ఫ్ భూమి సమస్య గురించి రాసిన నివేదికలు 1945లో వచ్చిన 'ట్రైబల్ హైదరాబాద్'లో ఉన్నాయి. ఆయన పుస్తకాలు మన దగ్గరికి రావడం వెనుక భీం రక్తం ఉందని నేను పిల్లలకు చెప్తుంటాను.

జైనూర్ మండలం మార్లవాయిలో ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ గుడిసెలో ఉండి పనిచేశారు. 1940లలో అక్కడే గోండు టీచర్లకు శిక్షణ మొదలైంది. మొదటి గోండీ వాచకాలు దేవనాగరి అక్షరాల్లో తయారయ్యాయి. అంటే నేను 'రాసే భాష కాదు' అని చెప్పడానికి అరవై ఏళ్ల ముందే, నా జిల్లాలోనే, గోండీలో పాఠాలు చదివిన పిల్లలున్నారు. 1987లో బెట్టీ గారు మరణిస్తే మార్లవాయిలోనే సమాధి చేశారు. 1995లో కన్నుమూసిన ఆయన అస్థికలు కూడా తరువాత అక్కడికే చేరాయి.

1948 నాటి పుస్తకంలో ఎక్కువ భాగం పర్ధాన్లు పాడి చెప్పిన కథలే. దేవతల పిల్లలు గుహలో బందీలు కావడం, పహాండి కుపార్ లింగల్ రావడం, జంగుబాయి సాయం, బయటికి వచ్చిన వారిని లింగల్ ఏడు, ఆరు, ఐదు, నాలుగు దేవుళ్ల సగలుగా విడదీయడం, పెర్సాపేన్ పూజ ఎట్లా మొదలైందో, అన్నీ వివరంగా ఉన్నాయి. హైమండార్ఫ్ రాసిన వాటిలో కొంత భాగం తెలుగులోకీ వచ్చింది. ఈ పెద్ద పుస్తకం మాత్రం నేను ఇంగ్లీషులోనే చదివాను. తెలిసిన ఒక లెక్చరర్ గారు జిరాక్స్ చేసి ఇచ్చారు. డిక్షనరీ పక్కన పెట్టుకుని, రాత్రి రోల్ కాల్ అయ్యాక రోజుకు రెండు మూడు పేజీల చొప్పున చదివాను. నా చిన్నప్పుడు దండారి రోజుల్లో సగం నిద్రలో విన్న కథలు ఇంగ్లీషులో చదువుతుంటే ఎట్లా ఉంటుందో చెప్పలేను. మా నాన్న చెప్పిన మాటను ఎవరో పరాయి దేశం వాళ్లు జాగ్రత్తగా దాచి తిరిగి ఇచ్చినట్టు అనిపించింది.

పుస్తకంలో ఉన్నదీ, తాదో పాడేదీ

ఆ ఉత్సాహంతో ఒక సాయంత్రం స్టడీ అవర్‌లో పిల్లలకు లింగల్ కథ చెప్పాను. పుస్తకంలో ఉన్న వరుసలోనే చెప్పాను. ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి, పర్ధాన్ ఇంటి పిల్ల, చెయ్యి ఎత్తింది.

"మేడం, మా తాదో ఇట్ల పాడడు. ముందు జంగుబాయి వస్తది. లింగల్ తర్వాత వస్తడు."

"పుస్తకంలో ఇట్లనే ఉందమ్మా" అన్నాను.

ఆ పిల్ల ఇంకేం మాట్లాడలేదు. తల వంచుకుని కూర్చుంది. లైట్లు ఆపే వేళకు నాకు పాత చార్టు గుర్తొచ్చింది. మళ్లీ అదే పని చేశాను. అప్పుడు శిక్షణలో చెప్పారని ఒక పిల్లవాడిని కూర్చోబెట్టాను. ఇప్పుడు పుస్తకంలో ఉందని ఒక పిల్లను కూర్చోబెట్టాను. పుస్తకంలోని కథ చెప్పింది ఎవరు? ఆ పిల్ల తాత లాంటి ఒక పర్ధానే కదా!

తరువాతి ఆదివారం ఆ తాత మనవరాలిని చూడడానికి వచ్చాడు. వరండాలో చాప వేసి కూర్చోబెట్టి, చాయ్ ఇచ్చి, నేనే అడిగాను. ఆయన కిక్రి తేలేదు. "కిక్రి లేకుంటే కథ సరిగా రాదు బాయి" అన్నాడు. అయినా గంటసేపు చెప్పాడు. జంగుబాయి నిజంగానే ముందు వచ్చింది. "పుస్తకంలో వేరే తీరుగా ఉంది బాబా" అంటే నవ్వాడు. "వాళ్లకు చెప్పినోడు వాళ్ల ఊరి వరుసల చెప్పి ఉంటడు. మాది మా నాయన వరుస. రెండూ లింగల్ కథనే."

బి.ఎడ్.లో చదువుకోని పాఠం ఆ మాటలో ఉంది. అచ్చు పుస్తకం అనేది ఒక పాటగాడు ఒక రోజు ఒక చోట పాడినది. దానికి విలువ ఉంది. కానీ అది అచ్చయింది కాబట్టి ఒప్పు, తాత పాడింది అచ్చు కాలేదు కాబట్టి తప్పు అని పిల్లలు అనుకుంటే, మన కథ మనకు తిరిగి వచ్చీ రానట్టే. మరుసటి వారం స్టడీ అవర్‌లో ఆ అమ్మాయితోనే వాళ్ల తాత వరుసలో కథ చెప్పించాను. నేను చెప్పిన దానికంటే చాలా బాగా చెప్పింది.

ఒక్కో మాట ఎంత బరువో

అనువాదంలో చిన్న మాట పెద్ద తేడా తెస్తుంది. మూడు ఉదాహరణలు చెప్తాను.

మొదటిది 'సగ'. ఒకే సంఖ్య దేవుళ్లున్నవారు అన్నదమ్ములు, వారిలో వారికి పెళ్లి జరగదు, ఇతర సగ వారితోనే వియ్యం. సగ లోపల మళ్లీ ఇంటిపేర్ల వారీగా పాడీలు ఉంటాయి. ఇంగ్లీషులో దీనికి మానవశాస్త్రం వాళ్లు వాడే ఒక పదం పెట్టారు. తెలుగులో నేను చదివిన ఒక చిన్న పుస్తకంలో 'సగ'ను 'కులం' అని మార్చారు. చదివిన మా పిల్లలు "మేడం, గోండుల్లో నాలుగు కులాలు ఉంటాయా? ఏది పెద్దది?" అని అడిగారు. సగల్లో పెద్దా చిన్నా ఉన్నాయనుకోవడం ఆ ఒక్క మాట వల్ల వచ్చింది. సగను సగ అనే ఉంచి, ఒక వాక్యంలో వివరిస్తే సరిపోయేది.

రెండోది మన పేరే. 'గోండు' అనేది ఇతరులు మనల్ని పిలిచే పేరు. మన భాషలో మనం 'కోయ్‌తోర్' అంటాం. పాఠ్యపుస్తకం కనీసం ఒక్కసారైనా ఆ మాట చెప్పాలి. తనను తాను ఏమని పిలుచుకుంటాడో చెప్పకుండా ఒక మనిషి కథ ఎట్లా చెప్తాం?

మూడోది కుమ్రం భీం పేరు. కొమురం, కుమరం, కుమురం, కుమ్రం అని రకరకాలుగా అచ్చవుతోంది. అల్లం రాజయ్య, సాహు గార్ల నవల 'కొమురం భీం' పేరుతో వచ్చి, మూడు నాలుగు దశాబ్దాలుగా ఎంతోమందికి ఆయన చరిత్ర చెప్పింది. జిల్లా పేరు 'కుమురం భీం ఆసిఫాబాద్'. మన ఇళ్లల్లో అది కుమ్ర అనే ఇంటిపేరు. ఆ ఇంటిపేరును బట్టే ఆయన సగ ఏదో, పెర్సాపేన్ ఎక్కడో పెద్దలు చెప్పగలరు. స్పెల్లింగ్ మారితే ఆ దారి మూసుకుపోతుంది. కొత్త ముద్రణ వేసేవాళ్లు పాత పేరును అట్లాగే ఉంచినా, ముందుమాటలో ఈ సంగతి ఒక పేరా రాస్తే చదివే పిల్లలకు మేలు.

మన పొరుగువారి కథలు

ఇది గోండుల ఒక్కరి సంగతి కాదు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం, గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు. పర్లాకిమిడి ప్రాంతంలో ఉంటూ ఆయన సవర భాష నేర్చుకున్నారని, ఆ భాష గురించి 1931లో ఒక పెద్ద పుస్తకం, 1938లో సవర – ఇంగ్లీషు నిఘంటువు తెచ్చారని మా హాస్టల్ పిల్లలకు చెప్తే ఆశ్చర్యపోయారు. మాట్లాడే మనుషుల దగ్గర కూర్చుని వారి భాష నేర్చుకున్నాకే ఆయన పుస్తకం రాశారు.

మా లైబ్రరీ అలమరలో పిల్లలు ఎక్కువగా తీసుకునే పుస్తకాల్లో 'ఎవరిదీ అడవి?' ఒకటి. మహాశ్వేతాదేవి బెంగాలీలో 1977లో తెచ్చిన నవలకు సహవాసి గారి తెలుగు. జార్ఖండ్ ముండాల నాయకుడు బిర్సా ముండా కథ. 1875లో పుట్టి, 1900లో రాంచీ జైల్లో ఇరవై నాలుగేళ్ల వయసులో చనిపోయాడు. ఆ నవలకు ఆధారం కె. సురేశ్ సింగ్ గారు 1966లో ఇంగ్లీషులో తెచ్చిన చరిత్ర పుస్తకం. ముండాల జ్ఞాపకం చరిత్రకారుడి ఇంగ్లీషులోకి, అక్కడి నుంచి బెంగాలీ నవలలోకి, అక్కడి నుంచి తెలుగులోకి, చివరికి ఒక గోండు పిల్ల చేతిలోకి వచ్చింది. చదివిన ఒక పిల్ల "మేడం, వాళ్లది కూడా మన జోడేఘాట్ లెక్కనే ఉంది" అంది. అనువాదం లేకపోతే ఆ పిల్లకు ముండాలు పరీక్షలో ఒక మార్కు ప్రశ్న మాత్రమే.

కోయల్లో డోలి కళాకారులు గుడ్డ మీద వేసిన బొమ్మల పడిగెను చూపుతూ వంశాల కథలు చెప్తారు. సమ్మక్క సారలమ్మల కథను పాడే సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. దానికి ముందు ఏడాది మార్లవాయి గుస్సాడి కనకరాజు గారికి వచ్చింది. ఇద్దరూ 2024లో మనల్ని విడిచి వెళ్లారు. అవార్డు ఇచ్చినప్పుడు ఫోటోలు చాలా తీశాం. వారి కథల్లో, వారి నోట్లో ఉన్న మాటల్లో ఎంత రాసి పెట్టుకున్నామో మనల్ని మనం అడగాలి.

మనం చేయగలిగింది

పెద్ద పెద్ద పనులు విశ్వవిద్యాలయాలు చేస్తాయి. మన సంఘం, మన హాస్టళ్లు, మన ఇళ్లు చేయగలిగిన పనులు నాలుగు నాకు తోస్తున్నాయి.

మొదటిది, పెద్దలు పాడేది రికార్డు చేయాలి. ప్రతి ఇంట్లో ఫోన్ ఉంది. కానీ రికార్డుతో పాటు పాడినవారి పేరు, ఊరు, తేదీ, ఎవరి దగ్గర నేర్చుకున్నారో ముందే వారితోనే చెప్పించాలి. 1866 పుస్తకంలో జరిగిన లోపం మన చేతుల్లో మళ్లీ జరగకూడదు. పాడడానికి, అచ్చు వేయడానికి వారి అనుమతి అడగాలి. కొన్ని కథలు పెర్సాపేన్ పూజలోనే చెప్పేవి ఉంటాయి. వద్దంటే వదిలేయాలి.

రెండోది, చిన్న పుస్తకాలు వేయాలి. ఒక పక్క గోండీ, ఒక పక్క తెలుగు. గోండీని గుంజాల లిపిలోనూ, తెలుగు అక్షరాల్లోనూ ఇవ్వవచ్చు. ముప్పై రెండు పేజీలైనా చాలు. అట్ట మీద పాడినవారి పేరు ముందు, రాసినవారి పేరు తరువాత ఉండాలి.

మూడోది, అచ్చుకు ముందు ఆ పుస్తకాన్ని పాడినవారికి చదివి వినిపించాలి. వారు 'ఇది తప్పు' అంటే మార్చాలి. రెండు ఊళ్ల వరుస వేరైతే రెండూ వేయాలి.

నాలుగోది, హైమండార్ఫ్ 1948 పుస్తకంలోని పర్ధాన్ కథల భాగాన్నయినా మొత్తంగా తెలుగులోకి, వీలైతే తిరిగి గోండీలోకి తేవాలి. మన సంఘంలో ఇంగ్లీషు చదివిన టీచర్లు, లెక్చరర్లు ఉన్నారు. తలా పది పేజీలు తీసుకున్నా రెండేళ్లలో పూర్తవుతుంది. నా వంతు పది పేజీలు ఇప్పటికే మొదలుపెట్టాను. 'సగ'ను సగ అనే ఉంచుతున్నాను.

ఇది చేయడానికి ఎక్కువ సమయం లేదు. కిక్రి తేకుండా వచ్చిన ఆ తాతకు ఇప్పుడు చూపు సరిగా లేదు. ఆయన కొడుకు ఆటో నడుపుతాడు, కథ పూర్తిగా రాదు. వరుస తెలిసినది మనవరాలికి, అదీ సగమే. ఈ ఏడాది దసరా సెలవులకు ఇంటికి వెళ్లేటప్పుడు ఆ పిల్లకు ఒక లావు నోటుబుక్కు ఇచ్చి పంపాను. మొదటి పేజీలో తాత పేరు, ఊరి పేరు రాసుకుని వచ్చింది. రెండో పేజీ నుంచి కథ. తెలుగు అక్షరాల్లో గోండీ. పదకొండు పేజీలు నిండాయి. సంక్రాంతి సెలవుల్లో మిగతాది రాస్తానంటోంది.

నా పాత చార్టు సంగతి చెప్పి ముగిస్తాను. ఆ బడి మారి చాలా ఏళ్లయింది, ఆ చార్టు ఎప్పుడో చిరిగిపోయి ఉంటుంది. ఇప్పుడు మా హాస్టల్ స్టడీ హాల్లో అదే పట్టికను మళ్లీ వేశాను. చివరి గడిలో 'గోండీ' పక్కన గుంజాల అక్షరాలు య, వ, బ, భ, మ వరుసలో రాయించాను. రాసింది పిల్లలే. రెండు అక్షరాలు వంకర వచ్చాయి, అట్లాగే ఉంచాను. నేను కూర్చోబెట్టిన ఆ నాలుగో తరగతి పిల్లవాడు ఇప్పుడు ముప్పై దాటి ఉంటాడు. ఎక్కడున్నాడో తెలియదు. ఈ సంచిక ఎవరి ఫోన్‌లోనైనా అతని కంట పడితే, నాయనా, నీ ప్రశ్నకు జవాబు మార్చాను. మన భాషకు అక్షరాలు ఉన్నాయి.

జై సేవా.